పడవలో పేతురు అత్తగారు

విడవలూరు
9 జూన్ 2024, ఆదివారం, ఆరాధన అయ్యాక

కెజియా తల్లీ,

ప్రభువు నీకు తోడుగా ఉండాలనీ, ఆ దేశంలో నీకు కాస్త కారం దొరికేట్టు చూడాలనీ కోరుతూ నవోమి పెద్దమ్మ రాసే ఉత్తరం.

నిన్న ఫోనులో నువ్వు అరగంట మాట్లాడావు. నాకు అందులో పావు వంతు వినపడింది. చెవి మిషను పెట్టుకుంటే నీ మాట కన్నా మా ఫ్యాను మాటే గట్టిగా వినపడుతుంది. అందుకని ఇకనుంచి ఉత్తరాలే రాసుకుందాం. నేను కాగితం మీద రాసి ఫోటో తీసి ఫోనులో పంపుతా. నువ్వూ అట్లాగే చెయ్యి. టైపు కొట్టి పంపితే మాత్రం చదవను. చేత్తో రాస్తేనే మనిషి ఎట్లా ఉందో తెలుస్తుంది. ముప్ఫై మూడేళ్ళు ఆరోగ్య కార్యకర్తగా సముద్రం ఒడ్డున జాలర్ల పాళేలన్నీ తిరిగినదాన్ని, చేతిరాత చూసి జ్వరం చెప్పగలను.

నువ్వు సినిమాల ఆసుపత్రిలో పని చేస్తున్నావని మీ అమ్మ చెప్పింది. నేను అదే మాట స్త్రీల కూడికలో చెప్పా. సంఘపెద్ద గిద్యోను గారు గుమ్మంలో నిలబడి విని, "ఏ హీరోకమ్మా బాగాలేనిది?" అని కంగారు పడినాడు. అసలు నీ పని ఏమిటో నాకు అర్థమయ్యేలా రాయి. నీ పైవాళ్ళు మంచివాళ్ళేనా, వేళకు తింటున్నావా, ఇవి ముందు రాయి.

నీ చెవిటి పెద్దమ్మ,
నవోమి


లియాన్, ఫ్రాన్స్
17 జూన్ 2024

పెద్దమ్మా, వందనాలు.

వేళకే తింటున్నాను. పైవాళ్ళు మంచివాళ్ళే. చేత్తో రాసి చాలా ఏళ్ళయింది, ఈ అక్షరాల్లో నీకు ఏ జ్వరం కనిపిస్తుందో!

నా పని ఇది. నూరేళ్ళ కిందటి సినిమా రీళ్ళు ఎవరెవరి అటకల మీదనుంచో మా భాండాగారానికి వస్తాయి. దుమ్ము తుడిచి, చిరుగులు అతికించి, ఒక్కో బొమ్మనూ కంప్యూటర్లోకి ఎక్కిస్తాం. అప్పటి సినిమాలకు మాట ఉండదు. పది పన్నెండు నిమిషాల్లో అయిపోతాయి.

ఈ మధ్య రోజంతా మదలేన్ కోర్వీ గారితోనే గడుపుతున్నాను. ఏం మనిషి అనుకున్నావు! మనలాగే సముద్రం ఒడ్డు ఊరు. వలలు అల్లే ఇంట్లో పుట్టింది. ముప్ఫైకి పైగా సినిమాలు తీసింది. వాటన్నిటి మీదా స్టూడియో మేనేజరు ఏమిల్ రోష్ తన పేరు వేసుకున్నాడు. ఆమెకు ఒక కన్ను కనపడదు. అయినా ఎవరికీ తలొంచే రకం కాదు. ఆమె పేరు ఆమెకు ఇప్పించాలని నా పట్టుదల. మా పై అధికారి బెర్నార్ గారు మాత్రం రుజువు తెమ్మంటున్నారు. మదలేన్ గారి మొండితనం నాకూ అంటుకున్నట్టుంది.

ఉంటాను పెద్దమ్మా. చెవి మిషను బ్యాటరీ మార్చు, తేడా తెలుస్తుంది.

కెజియా


విడవలూరు
30 జూన్ 2024

తల్లీ,

రాత చూశా. జ్వరం లేదు గానీ నిద్ర చాలడం లేదు.

నీ ఉత్తరం స్త్రీల కూడికలో చదివి వినిపించా. అందరం మదలేన్ గారి కోసం ప్రార్థన చేశాం. కంటి కోసం ప్రత్యేకంగా చేశాం. శుక్లమైతే ఆపరేషను చాలా చిన్నదని ఆమెకు చెప్పు. మన పాళేల్లో రెండు వందల మందికి నేను దగ్గరుండి చేయించా. వారం దాకా తలస్నానం చెయ్యకపోతే చాలు.

ఆ రోష్ మీద ఆమె ఇంతవరకు కంప్లయింటు ఎందుకివ్వలేదు? ముప్ఫై సినిమాలు పోయేదాకా చూస్తూ ఊరుకుందా? నువ్వు ఆమె పక్కనే నిలబడు. మీ అధికారి ఏమన్నా అంటే మా పెద్దమ్మతో మాట్లాడమను. నాకెలాగూ వినపడదు.

మీ అమ్మ పంపే పార్సిల్లో రొయ్యపొట్టు పొడి సీసాలు రెండున్నాయి. నీలం మూత నీకు. ఎర్ర మూత మదలేన్ గారికి. సముద్రం ఒడ్డు మనిషి కాబట్టి ఇష్టంగానే తింటుంది. కారం తగ్గించా.

పెద్దమ్మ


లియాన్
14 జూలై 2024

పెద్దమ్మా,

ఎర్ర మూత సీసా అందింది. ఎలా చెప్పాలో తెలియడం లేదు. మదలేన్ గారు చనిపోయి డెబ్భై మూడేళ్ళయింది.

తప్పు నాదే. రోజూ ఆమె కాగితాలే చదువుతూ పక్క సీట్లో కూర్చున్న మనిషిలాగా రాసేశాను. పొడి మా గదిలో అందరం తింటున్నాం. బెర్నార్ గారు రొట్టె మీద చల్లుకుని, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ మళ్ళీ చల్లుకున్నారు.

ఇప్పుడు సరిగ్గా చెబుతాను. మదలేన్ 1878లో పుట్టింది. ఇరవై ఏళ్ళకు ప్యారిస్ వచ్చి సినిమాలకు రంగులు వేసే పనిలో చేరింది. అప్పటికి రంగుల ఫిల్ము లేదు. గదినిండా ఆడవాళ్ళు భూతద్దాల ముందు కూర్చుని, గోరంత బొమ్మలో మనిషి చొక్కాకు సన్నటి కుంచెతో రంగు పూసేవాళ్ళు. ఒక్క నిమిషం సినిమాకు దాదాపు వెయ్యి బొమ్మలు. ఆమె కన్ను అక్కడే పోయింది. ఒకరోజు మేనేజరు రోష్‌తో, "గుడ్డ ఊపితే అల అవుతుందా? మీ సముద్రం సముద్రంలా లేదు" అన్నదట. "అయితే నువ్వే తియ్యి" అని ఆయన ఎగతాళి చేశాడు. ఆమె నిజంగానే కెమెరా మనిషిని వెంటబెట్టుకుని సొంతూరు వెళ్ళి తీసుకొచ్చింది. అక్కడినుంచి ఏడేళ్ళు ఆమె తియ్యడం, ఆయన పేరు వేసుకోవడం. యుద్ధం వచ్చి స్టూడియో మూతపడింది. ఆమె ఊరికి తిరిగి వెళ్ళి, చేపలు డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీలో మేస్త్రీగా చేరింది. ముసలితనంలో ఒక సినిమా పత్రికకు "అవి నేను తీసినవి" అని రాస్తే, "మా జాబితాలో మీ పేరు లేదు" అని రెండు వాక్యాల జవాబు వచ్చింది. ఆ జవాబును చెప్పుల పెట్టెలో దాచుకుంది. ఆ పెట్టె ఇప్పుడు నా బల్ల మీదుంది.

ఆమె సినిమాలు మూడే మిగిలాయి. అన్నిటికన్నా బాగా కుదిరిందని ఆమె చెప్పుకున్న 'నిండిన వల' ఎక్కడా దొరకలేదు. పేతురు వల ఖాళీగా రావడం, యేసు చెప్పాక పడవ మునిగేటన్ని చేపలు పడడం. సొంతూరి జాలర్లతో నిజమైన సముద్రంలో తీసిందట. చేపలకు పసుపు రంగు తన చేత్తోనే వేసిందట.

నీ ప్రార్థన బృందానికి నా తరఫున క్షమాపణ చెప్పు.

కెజియా


విడవలూరు
21 జూలై 2024

కెజియా,

ముందుగా ఒక మాట. రెండు వారాలు మాచేత చనిపోయిన మనిషి కంటికి ప్రార్థన చేయించావు. పాస్టరమ్మ నవ్వి ఊరుకుంది గానీ, గిద్యోను గారు ఇది మన సిద్ధాంతానికి విరుద్ధమని అరగంట చెప్పినాడు.

రెండో మాట. పసుపు చేపల రీలు మా ఇంట్లో ఉంది.

నవ్వకు. మీ అమ్మమ్మ ఎలిశబెతు బైబిలు స్త్రీగా వాక్యం చెబుతూ పాళేలు తిరిగేదని నీకు తెలుసు. ఆమె ఎవరి వెంట తిరిగేదో ఆ దొరసాని దగ్గర చేత్తో తిప్పే బొమ్మల మిషను ఉండేది. ఒకటే రీలు, పేతురు చేపల కథ. మధ్యలో వచ్చే అక్షరాలు ఎవరికీ తెలియని భాష. అందుకని అమ్మ తెర పక్కన నిలబడి కథ చెప్పేది. దొరసాని వాళ్ళ దేశం వెళ్ళిపోతూ మిషనూ రీలూ అమ్మకే ఇచ్చేసింది. మిషను తుప్పుపట్టి పాత ఇనుములో పోయింది. రీలు డబ్బా మాత్రం ట్రంకు పెట్టెలో అట్లాగే ఉంది.

నేను చిన్నప్పుడు చూశా. పడవలో ఒకావిడ కూర్చుని చేతులు ఊపుతూ ఉంటుంది. బైబిల్లో ఆ పడవలో ఆడమనిషి లేదు కదా. జనం అడిగితే అమ్మ తడుముకోకుండా, "ఆమె పేతురు అత్తగారు. యేసుసామి జ్వరం తగ్గించినాడు గదా, అల్లుడు పని చేస్తా ఉండాడో లేదో చూద్దామని వచ్చుండాది" అనేది. పాళెం ఆడవాళ్ళు పడీ పడీ నవ్వేవాళ్ళు.

నీ ఉత్తరం చదవగానే డబ్బా తెరిచా. చీమలు లేవు. కాస్త పులిసిన వాసన వేస్తోంది. అందుకని ఊడి వచ్చినంత మేర విప్పి దండెం మీద ఎండలో ఆరేశా. సాయంత్రానికి వాసన పోతుంది.

పెద్దమ్మ


లియాన్
21 జూలై 2024

పెద్దమ్మా, ఎండలోంచి తియ్యి. ఈ ఉత్తరం చదవడం ఆపి, వెళ్ళి తీసి, నీడలో పెట్టి రా.

తీశావా? ఆ కాలపు ఫిల్ము తుపాకి మందు లాంటిది. వేడికి అంటుకుంటే నీళ్ళు పోసినా ఆరదు. గ్యాసు దగ్గర వద్దు, దేవుని పటం ముందు కొవ్వొత్తి దగ్గర అసలే వద్దు. మళ్ళీ విప్పొద్దు. చల్లగా, పొడిగా ఉన్నచోట పెట్టు. చల్లగా అంటే చెట్టు నీడ చల్లదనం కాదు, అంతకన్నా చాలా చల్లగా. నీకు అర్థమవుతోందా?

ఇది నిజంగా అదే రీలయితే! కుర్చీలో కూర్చోలేకపోతున్నాను.

కెజియా


విడవలూరు
28 జూలై 2024

తల్లీ,

తీశా. కాగితం మీద అరిస్తే నాకు బాగానే వినపడుతుంది.

చల్లగా అంటే ఏమిటో నాకు చెబుతున్నావా? మే నెల ఎండలో ఇసకలో నడిచి పోలియో చుక్కలు మోసిన మనిషిని. ముప్ఫై మూడేళ్ళలో ఒక్క సీసా చెడిపోలేదు. ముందు మన ఊళ్ళో రొయ్యలకు ఐసు తయారుచేసే అజారుద్దీన్ దగ్గర పెడదామని వెళ్ళా. "అక్కా, నా దగ్గర చల్లదనం ఎంతైనా ఉండాది గానీ పొడి యాడుంది? అంతా చెమ్మే" అని నిజం చెప్పినాడు. అందుకని నా ఫ్రిజ్జులోనే పెట్టా. చేపలు పక్కింటి ఫ్రిజ్జుకు కాపురం వెళ్ళాయి. మందుల సీసాల్లో వచ్చే చెమ్మ పీల్చే పొట్లాలన్నీ ఏరి డబ్బా చుట్టూ పేర్చా. థర్మామీటరు చూసి పూటకోసారి పుస్తకంలో రాస్తున్నా.

డబ్బా మూసే ముందు కొసను కిటికీ వెలుతురుకు పట్టుకుని ఫోటోలు తీశా. పంపుతున్నా, చూసుకో.

మా అమ్మ వస్తువును తుపాకి మందన్నావు. సరేలే, ఆమె మాటా అట్లాగే ఉండేది.

పెద్దమ్మ


లియాన్
11 ఆగస్టు 2024

పెద్దమ్మా, పెద్దమ్మా,

అదే! అంచున లంగరు గుర్తుంది చూడు, అది ఆ స్టూడియో ముద్ర. చేపల మీద ఆ పసుపు! నూట పదిహేనేళ్ళ కిందట ఒక ఆడమనిషి భూతద్దం ముందు కూర్చుని పూసిన రంగు మా అమ్మమ్మ ట్రంకు పెట్టెలో ఉంది. ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. నీ ఫోటోలు చూసి మా గదిలో ముగ్గురం ఏడ్చాం, ఈసారి పొడి తినకుండానే.

మిషనరీల నుంచి వచ్చింది కాబట్టి బెర్నార్ గారు మీ సంఘానికి ఒక ఉత్తరం పంపుతున్నారు. తెలుగులో కూడా ఉంటుంది. ఊరికే లాంఛనం.

ఫ్రిజ్జు తలుపు ఎక్కువసార్లు తియ్యకు!

కెజియా


విడవలూరు
8 సెప్టెంబరు 2024

గౌరవనీయులైన కెజియా గారికి,

మీ కార్యాలయం వారి లేఖ అందినది. "మీ వద్దనున్న వస్తువును మేము స్వాధీనం చేసుకుంటాము" అని అందులో ఉన్నది. గిద్యోను గారు ఆరాధన తరవాత అందరి ముందూ చదివి, "నీ చెల్లెలి కూతురు సంఘం సొత్తును ఫ్రాన్సోళ్ళకు అప్పజెప్తా ఉండాదేందమ్మా?" అని అడిగినారు.

ఆ రీలు ఫ్రాన్సు వాళ్ళదీ కాదు, సంఘానిదీ కాదు. మా అమ్మది. మిషనరీల పాత రిపోర్టు నా దగ్గరుంది. "దొరగారు చిత్రము చూపించి వందలమందికి బోధించిరి" అని రాసి ఉంది. ఆ దొరగారికి, అంటే దొరసాని భర్తకు, తెలుగులో నీళ్ళడగడం కూడా వచ్చేది కాదు. అమ్మ పేరు ఎక్కడా లేదు. తమరు మదలేన్ గారి పేరు కోసం పోట్లాడుతున్నారు, సంతోషం. మీ అమ్మమ్మ పేరు ఎవరికైనా కావాలా?

ఫ్రిజ్జులో ఉష్ణోగ్రత నాలుగు డిగ్రీలు.

ఇట్లు,
నవోమి, రిటైర్డ్ ఆరోగ్య కార్యకర్త


లియాన్
10 సెప్టెంబరు 2024

పెద్దమ్మా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. "గారు" అన్న చోటే ప్రతిసారీ ఆగిపోయాను.

బెర్నార్ గారు ఫ్రెంచిలో రాసింది "మేము జాగ్రత్త చేసే బాధ్యత తీసుకుంటాము" అని. తెలుగు చేసింది కంప్యూటరు. దానికి బాధ్యతకూ స్వాధీనానికీ తేడా తెలియలేదు. నాకు తెలుసు, కానీ నేను చదవకుండానే పంపనిచ్చాను. అది నా తప్పు. ఇంకో తప్పు కూడా ఉంది. రీలు దొరికిన సంబరంలో అది ఎవరి పెట్టెలో ఉందో మరిచిపోయాను. అమ్మమ్మను ఒక్కసారి కూడా అడగలేదు నేను.

రీలు ఫ్రాన్సుకు రానక్కరలేదు. చెన్నైలో పాత ఫిల్ములు బాగుచేసే సాహిరా గారని ఉన్నారు. నువ్వు సరేనంటే ఆమె కారులో వచ్చి, తగిన పెట్టెలో తీసుకెళ్ళి, కాపీ చేసి నీకే అప్పగిస్తారు. కాగితంలో యజమాని పేరు ఎలిశబెతు అనే ఉంటుంది.

అమ్మమ్మ తెర పక్కన చెప్పిన కథ నీకు గుర్తుందా? నాకు కావాలి.

నీ కెజియా (గారు కాదు)


లియాన్
6 అక్టోబరు 2024

పెద్దమ్మా, ఇరవై ఆరు రోజులైంది. నీలం టిక్కులు కనపడుతున్నాయి, చదివావని తెలుసు. తిట్టినా సరే, ఒక్క ముక్క రాయి.

కెజియా


విడవలూరు
20 అక్టోబరు 2024

తల్లీ,

అలిగా. నిజమే. అలగడంలో కూడా రోజుకు రెండుసార్లు థర్మామీటరు చూశా, అది పుస్తకంలో ఉంది.

ఈ వారం మాకు వాన చూపించాడు దేవుడు. మంగళవారం పొద్దున కరెంటు పోయింది. మధ్యాహ్నానికి ఫ్రిజ్జు తొమ్మిది డిగ్రీలకు వచ్చింది. రొయ్యలు ఎగుమతి చేసే థర్మాకోల్ పెట్టె ఒకటి తెచ్చి, డబ్బాకు ప్లాస్టిక్ చుట్టి, మధ్యలో తువ్వాళ్ళు పెట్టి, చుట్టూ ఐసు పేర్చా. ఐసు తగలకూడదు, చల్లదనమే తగలాలి. టీకాల పెట్టెకూ అదే లెక్క. అజారుద్దీన్ జనరేటరు మీద ఫ్యాక్టరీ నడుపుతూ, నాకు విడిగా ఐసు తీసి పెట్టినాడు. బుధవారం మా వీధిలో మోకాలి లోతు నీళ్ళు. అందులో ఎవరో పంచె ఎగగట్టుకుని, నెత్తిన ఐసు మూట పెట్టుకుని వస్తున్నారు. చూస్తే గిద్యోను గారు!

"సంఘం సొత్తు కోసం వచ్చినారా?" అన్నా, కాస్త పుల్లవిరుపుగానే.

"ఎవురి సొత్తయితే ఏందమ్మా, ముందు తడవకుండా ఉండాల గదా," అన్నాడు. నా వంటింట్లో కూర్చుని టీ తాగుతూ, చిన్నప్పుడు ఇసకలో మా అమ్మ మాట వింటూ ఆ బొమ్మ చూశానని చెప్పినాడు. కంప్యూటరు తెలుగు సంగతి చెబితే, "మన కరెంటాఫీసు నోటీసులూ అట్టనే ఉంటాయి లే" అన్నాడు.

రెండు రోజులు నాలుగు గంటలకోసారి ఐసు మార్చా. మారుస్తూ ఉంటే అమ్మ చెప్పిన కథ ఒక్కో ముక్కా నోటికొచ్చింది. మరిచిపోయాననే అనుకున్నా. రాసుకో:

"చూడండమ్మా, రాత్రంతా వేసినారు, ఒక్క నెత్తల్లి చేప కూడా పడలా. పేతురు మొగం చూడండి, ఇంటికి పొయ్యి ఏం చెప్పాలా అని ఉండాడు. పడవ కొసన నిలబడిన యేసుసామి వడ్రంగి. వడ్రంగి వచ్చి వల యాడ వెయ్యాలో చెప్తే మీ మొగోళ్ళు వింటారా? వినరు. ఈయన విన్నాడు. ఎందుకు విన్నాడు? ఎనకాల అత్త కూర్చోనుండాది గదా! ఇంక చూడండి, పడవ పట్టనన్ని చేపలు. ఏడుస్తా ఉండాడు చూడండి పేతురు. చేపలు చూసి గాదు. ఇంతసేపూ నమ్మలేదే అని."

ఇక్కడికి వచ్చేసరికి జనం కూడా ఏడ్చేవాళ్ళు. ఇప్పుడే నవ్వినవాళ్ళు.

ఆ చెన్నై అమ్మాయిని రమ్మను. ఏ చేప కూర వండాలో అడిగి చెప్పు.

పెద్దమ్మ


లియాన్
8 డిసెంబరు 2024

పెద్దమ్మా,

సాహిరా గారు ఇంకా నీ వంజరం పులుసు గురించే మాట్లాడుతున్నారు. ఇంత పాత రీలు ఆ మాత్రమైనా మిగిలిందంటే నీ ఐసు పుణ్యమేనట.

మంచి వార్తా చెడ్డ వార్తా కలిపే చెప్పాలి. పన్నెండు నిమిషాల్లో నాలుగు దక్కాయి. మిగతా ఎనిమిదీ ఎప్పుడో బంకలా కరిగి ఒకదానికొకటి అంటుకుపోయాయి. దక్కిన నాలుగూ పడవలోవి. పంపుతున్నాను, చూడు. పేతురు అత్తగారు అన్నిట్లోనూ ఉంది.

ఆమే మదలేన్ అయి ఉండాలి అనిపిస్తోంది. కానీ మదలేన్ ఫోటో ఒక్కటి కూడా లేదు, పోల్చి చూడడానికి. బెర్నార్ గారు, "కూలికి కూర్చోబెట్టిన ఊరి మనిషి అయి ఉంటుంది" అంటున్నారు. ఆయన చెడ్డవాడు కాదు, జాబితాలో ఊహలు రాయకూడదంటారు. జనవరి ఆఖరున మా భాండాగారం సినిమాల కొత్త జాబితా అచ్చుకు వెళుతుంది. అందులో దర్శకుడు మళ్ళీ రోషే. ఆ రెండు వాక్యాల జవాబును ఈసారి నా చేత్తో రాస్తున్నట్టుంది.

కెజియా


విడవలూరు
5 జనవరి 2025

తల్లీ,

బొమ్మ ఎన్నిసార్లు చూశానో చెప్పను. అమ్మ గొంతు లేకపోవడం ఒక్కటే లోటు.

నిన్న మునెయ్య బీపీ చూపించుకోవడానికి వచ్చినాడు. ఎనభై దాటినాయి, అరవై ఏళ్ళు వేటకు పోయిన మనిషి. రిటైరైనా నా దగ్గరికే వస్తాడు. పట్టీ చుట్టి, కదలకుండా కూర్చుంటాడని ఫోనులో ఈ బొమ్మ పెట్టి చేతికిచ్చా. బీపీ పెరిగింది.

"ఇదేందమ్మా, ఈళ్ళు నటించేవాళ్ళు గాదే. నిజం జాలరోళ్ళు. తాడు పట్టడం చూడు," అన్నాడు.

"అవును, ఆమె పేతురు అత్తగారు," అన్నా నవ్వుతూ.

ఆయన నవ్వలేదు. మళ్ళీ పెట్టమన్నాడు. ఫోను ముక్కుకు ఆనించుకుని మూడుసార్లు చూసినాడు.

"అత్తో గిత్తో నాకు తెలవదు గానీ, పడవకు తండేలు ఆయమ్మే. పడవలో అందురూ ఎవుర్ని చూస్తా ఉండారో చూడు. యేసుసామిని చూడటం లేదు, పేతుర్ని చూడటం లేదు. ఆయమ్మ చెయ్యి చూస్తా ఉండారు. చెయ్యి లేస్తే వల పడతా ఉండాది."

"ఒడ్డునుంచి చెప్పొచ్చు గదా, పడవెక్కడం ఎందుకు?" అన్నా.

"యాడమ్మా! ఒడ్డున నిలబడి కేకేస్తే సముద్రం మింగేస్తాది. చెప్పేవాళ్ళు పడవలో ఉండాల్సిందే."

తండేలంటే పడవను నడిపించే పెద్ద. నీకు తెలుసో లేదో అని రాశా. మీ బెర్నార్ గారు ఎప్పుడైనా వేటకు వెళ్ళాడా, అడుగు.

పెద్దమ్మ


లియాన్
26 జనవరి 2025

పెద్దమ్మా,

మునెయ్య గారికి నా తరఫున దండం పెట్టు. కాళ్ళు పట్టుకున్నా తప్పు లేదు.

నీ ఉత్తరం చదివి నాలుగు నిమిషాలనూ బొమ్మ బొమ్మగా విడదీశాను. మూడువేల ఎనిమిది వందల బొమ్మలు. పడవలో ఆమె చెయ్యి పదకొండుసార్లు కదులుతుంది. పదకొండుసార్లూ చెయ్యి ముందు, పని తరవాత. చెయ్యి లేస్తుంది, అప్పుడు వల పడుతుంది. చెయ్యి దిగుతుంది, అప్పుడు పేతురు మోకరిస్తాడు. ఒక్కసారైతే ఆమె నేరుగా కెమెరా వైపు తిరిగి, ఆపమన్నట్టు అరచెయ్యి చూపిస్తుంది, వెంటనే బొమ్మ ఆగిపోతుంది. కూలికి కూర్చున్న మనిషి చెబితే కెమెరా ఆగుతుందా? ఇన్నేళ్ళ చదువులో నేను యేసునూ పేతురునూ చూశాను గానీ మిగతావాళ్ళు ఎటు చూస్తున్నారో చూడలేదు.

బెర్నార్ గారికి చూపించాను. రెండోసారి పెట్టమన్నారు. తరవాత జాబితా తీసి, రోష్ పేరు మీద తనే గీత కొట్టారు. కలం నాకిచ్చి, "నువ్వు రాయి" అన్నారు. రాశాను పెద్దమ్మా. అక్షరాలు వంకర పోయాయి.

పాళెంలో ఈ బొమ్మ చూపిస్తావా? మొదట వేసే కార్డు నేను తయారుచేసి పంపుతున్నాను. తెలుగులోనే.

కెజియా


విడవలూరు
23 ఫిబ్రవరి 2025, ఆదివారం

కెజియా తల్లీ,

నిన్న మధ్యాహ్నం మూడు గంటలకు చర్చి హాల్లో వేశాం. వెలుతురు రాకుండా కిటికీలకు చీరలు కట్టాం. మా పాటలు చూపించే ప్రొజెక్టరే, తెర మాత్రం గిద్యోను గారి కొత్త పంచె. పాళెం నుంచి రెండు ఆటోల్లో, ఒక రొయ్యల వ్యానులో వచ్చినారు. వ్యాను అజారుద్దీన్‌ది. మునెయ్యను ముందు కుర్చీలో కూర్చోబెట్టా.

నీ కార్డు పడింది. "దర్శకత్వం: మదలేన్ కోర్వీ. తెలుగులో కథ చెప్పినది: ఎలిశబెతు." నువ్వు నాకు ముందు చెప్పలేదు. అమ్మ పేరు చదువుకుంటూ కథ చెప్పడమే మరిచిపోయా, బొమ్మ వెళ్ళిపోతూనే ఉంది. గిద్యోను గారు మళ్ళీ మొదటినుంచి పెట్టించినాడు.

రెండోసారి తెర పక్కన నిలబడి అమ్మ మాటలే చెప్పడం మొదలుపెట్టా. నెత్తల్లి దగ్గర నవ్వినారు, వడ్రంగి దగ్గర నవ్వినారు. ఆమె కనపడగానే ఆగా. అమ్మ చెప్పినట్టు అత్తగారు అనాలా, నువ్వు కనిపెట్టినట్టు చెప్పాలా? చెవి మిషనులో అందరూ నిశ్శబ్దంగా ఉండడం వినపడుతోంది. "ఈమె ఈ బొమ్మ తీసినామె. పేరు మదలేన్. వలలల్లే వాళ్ళ బిడ్డ," అన్నా. ఎవరూ నవ్వలేదు. "చేతులు చూడండి" అన్నా. చూసినారు. చెయ్యి లేచినప్పుడల్లా హాల్లో ఎవరో ఒకరు "ఆఁ, ఇప్పుడు" అంటూనే ఉన్నారు.

నాలుగు నిమిషాలు ఎంతసేపు! తెర తెల్లబడింది. గిద్యోను గారు ముగింపు ప్రార్థనకు లేచినాడు. ముందు వరసలో, చేపల గంప పక్కన పెట్టుకుని కూర్చున్న ఒకావిడ, "ఉండయ్యా. ఆయమ్మ తరవాత ఏమైపోయింది?" అని అడిగింది.

గిద్యోను గారు కూర్చున్నాడు.

చెప్పా. రంగులేసే గది చెప్పా, గోరంత బొమ్మ ఎంతో వేలు చూపించి చెప్పా, కన్ను పోవడం చెప్పా. రోష్ పేరు వేసుకున్నాడని చెబితే వెనకనుంచి ఒకామె అన్న మాట చర్చిలో అనకూడనిది, ఇక్కడ రాయను. పాస్టరమ్మ వినపడనట్టే కూర్చుంది. చేపల ఫ్యాక్టరీలో మేస్త్రీగా చేరిందంటే, మన రొయ్యల షెడ్డుల్లో పనిచేసే ఆడవాళ్ళు ఒకరి చేతులు ఒకరు చూసుకున్నారు. "ఐసులో పెట్టి పెట్టి ఆయమ్మకూ వేళ్ళు ఇట్టనే అయ్యుంటాయి" అంది ఒకామె. ఆమెకు పిల్లలున్నారా అని అడిగినారు. నాకు తెలియదన్నా, నువ్వు రాయి. పత్రికకు ఉత్తరం రాయడం, జవాబు రావడం చెప్పా. ఈసారి ఎవరూ తిట్టలేదు.

మధ్యలో కరెంటు పోయింది. చీకట్లో చీరలు తీసేద్దామని ఎవరో లేవబోతే, "కూర్చో, చెప్పనీ" అని మునెయ్య కసిరినాడు. ఐదు గంటలకు పడవలు ఒడ్డుకొచ్చేస్తాయి, గంపలెత్తుకుని పోవాల్సిన వాళ్ళు. తెర మీద బొమ్మ లేదు, లైటు లేదు, నా గొంతు నాకే సరిగ్గా వినపడదు. తల్లీ, నేను చెప్పడం అయ్యేదాకా ఒక్కరూ లేవలేదు.

పెద్దమ్మ